ముందు తేదీ, ఆ తర్వాతే రెజిమెంటు

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసమూ, ఫోటో స్కానూ అందాయి. కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డ ఆ సైనికుడి గురించి రాసిన మొదటి పేరా చాలా బాగుంది, దాన్నిక ముట్టుకోకు. నాకు టెన్షన్ పెట్టింది మూడో పేరా. టోపీ మీద ఫిరంగి గుర్తు చూసి, అతను ఫలానా బ్యాటరీలో, అంటే ఫిరంగి దళంలోని ఫలానా చిన్న విభాగంలో, పనిచేశాడని తేల్చేశావు. ఆ గుర్తు బ్రిటిష్ రాయల్ ఆర్టిలరీది. వందల బ్యాటరీలవాళ్లు అదే పెట్టుకున్నారు. అతను ఫిరంగి దళం మనిషి అన్నంతవరకే అది చెప్తుంది. బ్యాటరీ పేరు అతని ఇంట్లోవాళ్లు చెప్పి ఉంటే, వాళ్లు అలా చెప్పుకుంటారని రాయి. అదీ విలువైన మాటే. ఫోటో చెప్పినట్టు మాత్రం రాయకు.

నేనూ ఈ తప్పు చేశాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక భారతీయ సిపాయి ఫోటో చేతికొచ్చింది. కాలర్ మీద 13 అంకె స్పష్టంగా ఉంది. 13వ రాజ్‌పుత్స్ రెజిమెంటు అని రాసేశాను. ఆ ఫోటో 1903 కంటే ముందుది. అప్పట్లో బెంగాల్, మద్రాస్, బొంబాయి దళాల్లో ఎవరి వరస నంబర్లు వాళ్లవే. 13వ పదాతి దళం మూడు చోట్లా ఉండేది. 1903లో భారత సైన్యాధిపతి కిచెనర్ హయాంలో అన్నిటినీ ఒకే వరసలోకి తెచ్చినప్పుడు మద్రాస్ నంబర్లకు 60, బొంబాయి నంబర్లకు 100 కలిపారు. మద్రాస్ 13 కాస్తా 73వ కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ అయింది, బొంబాయి 13 వెళ్లి 113 అయింది. నా ఫోటోలోని మనిషి మద్రాస్ దళం వాడు. నా రాత నమ్మి అతని మునిమనవడు ఏడాదిపాటు వేరే రెజిమెంటు కాగితాలు వెతికాడు. అతని ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

అందుకే ముందు తేదీ తేల్చుకో. ఫోటోను వెనక్కి తిప్పి అట్ట చూడు, స్టూడియో పేరూ అడ్రసూ చూడు. స్టూడియో ఉన్న ఊరు అతని సొంతూరని మాత్రం అనుకోకు. శిక్షణ శిబిరం దగ్గర ఫోటో దిగి ఇంటికి పంపినవాళ్లు ఎందరో. ఆ తర్వాత యూనిఫాం. బ్రిటిష్ సైన్యంలో ఈ తరహా ఖాకీ దుస్తులు 1902లో వచ్చాయి. ఎడమ ముంజేతి మీద నిలువుగా ఉండే చిన్న ఇత్తడి కడ్డీ గాయపడ్డవాళ్లకిచ్చే గుర్తు, అది 1916లో మొదలైంది. కుడి ముంజేతి మీది చిన్న చెవ్రాన్లు, అంటే తిరగేసిన V ఆకారపు గుర్తులు, విదేశంలో పనిచేసిన కాలానికి గుర్తు, అవి 1918లో వచ్చాయి. నీ ఫోటోలో కుడి చేతి మీద మూడున్నాయి. నువ్వు వాటి మాటే ఎత్తలేదు! ఈ ఫోటో 1918 కంటే ముందుది కాదని అవి చెప్తున్నాయి. వ్యాసంలో 1915 అని రాశావు, మార్చు.

ఇక కాళ్లు చూడు. పదాతి సైనికులు కాళ్లకు చుట్టుకునే పొడవాటి బట్ట పట్టీలను చీలమండ నుంచి పైకి చుట్టి మోకాలి కింద ముడి వేసేవారు. గుర్రాలతో పనిచేసేవాళ్లు పైనుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర ముడి వేసేవారు. నీ సైనికుడి ముడి కిందే ఉంది, మడమకు స్పర్, అంటే గుర్రాన్ని అదిలించే లోహపు ముల్లు, కూడా ఉంది. అతను గుర్రాలతో పనిచేసినవాడు.

ఇంకా పాత ఫోటోలు రాయాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకో. రేకు మీద తీసిన టిన్‌టైపుల్లో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ కాలపు రసాయనాలకు నీలం తెల్లగా, పసుపూ ఎరుపూ నల్లగా పడేవి. అమెరికా అంతర్యుద్ధంలో అశ్వదళం రంగు పసుపు, ఫిరంగి దళం రంగు ఎరుపు. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆ కుటుంబాన్ని మెడల్స్ గురించి అడిగావా? మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. ఫిరంగి దళం వాళ్ల మెడల్ మీద బ్యాటరీ ఉండదు, కానీ నంబరు దొరికితే వెతకడానికి దారి దొరికినట్టే. ఫైలు దొరుకుతుందని వాళ్లకు మాటివ్వకు. ఆ యుద్ధపు సైనికుల రికార్డుల్లో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబు దాడిలో కాలిపోయాయి.

చివరగా, భుజం మీది ఇత్తడి అక్షరాలు. రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీ అయితే ఆర్ఎఫ్ఏ, కోట ఫిరంగులూ భారీ ఫిరంగులూ చూసే రాయల్ గారిసన్ ఆర్టిలరీ అయితే ఆర్జీఏ. టోపీ బ్యాడ్జీ మాత్రం రెంటికీ ఒకటే. స్పర్‌ని బట్టి ఎఫ్ అనాలనిపిస్తోంది, అయితే గారిసన్ దళంలోనూ గుర్రాల మీద పనిచేసినవాళ్లున్నారు. మొదటి అక్షరం ఆర్, చివరిది ఏ అని తెలుస్తోంది. మధ్యది నీ స్కాన్‌లో వెలుతురు పడి చెదిరిపోయింది. ఆ భుజం వరకు 1200 డీపీఐలో మళ్లీ స్కాన్ చేసి పంపు. అప్పటిదాకా మూడో పేరాలో "ఫిరంగి దళం, బహుశా ఫీల్డ్ ఆర్టిలరీ" అని ఉంచు.

నీ మేలు కోరే
పెద్దనాన్న