నాయన దాచుకున్న హవానా చుట్టను ఎలా వెలిగించాలి?

ప్రశ్న: మా నాయన తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఓడలో ఇంజనీరుగా ఉన్న మా మేనమామ ఒకసారి ఆయనకు ఇరవై ఐదు క్యూబా సిగార్లున్న చెక్కపెట్టె తెచ్చిచ్చాడు. నాయనకు రోజూ పొగ తాగే అలవాటు లేదు. అక్క పెళ్ళి ముగిసిన రాత్రి, బైరాగిపట్టెడలో కొత్త ఇంట్లో చేరిన నాడు, పదవీ విరమణ చేసిన నాడు, అందరి భోజనాలూ అయ్యాక మిద్దె మీదికి వెళ్ళి ఒక్కటి కాల్చేవారు. ఇంటికి వచ్చిన ఆప్తులకు కొన్ని ఇచ్చారు. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. ఈ మధ్య బీరువా సర్దుతుంటే అమ్మ పట్టుచీరల కింద ఆ పెట్టె దొరికింది, అందులో రెండు మిగిలి ఉన్నాయి. పెట్టె మీద మాంటెక్రిస్టో నెంబరు 4 అని ఉంది. అడుగున క్యూబాలో తయారైనట్లు స్పానిష్‌లో కాల్చి వేసిన ముద్ర, దాని దగ్గర ఓ, ఐ, యు, ఎస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. 1990లో తెచ్చానని మామ అంటాడు, అక్క పుట్టిన 1989లోనే వచ్చిందని అమ్మ అంటుంది. నాయన సంవత్సరీకం అయ్యాక ఒకటి వెలిగించాలని నా కోరిక. ఇన్నేళ్ళ తర్వాత అవి పనికివస్తాయా? అలవాటు లేని నాకు వాటిని ఎలా కాల్చాలో చెప్పగలరా?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను మొదట ఆపినది పట్టుచీరల ప్రస్తావన, ఎందుకంటే పట్టుచీరలున్న బీరువాలో కలరా ఉండలు వేయని ఇల్లు మన వైపు అరుదు. పొగాకు చుట్టూ ఉన్న తేమను ఎంత సులువుగా పీల్చుకుంటుందో వాసనను కూడా అంతే సులువుగా పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి నాఫ్తలీన్ ఆవిరి పట్టిన ఆకును కాల్చి, ఆ పొగను నోట్లోకి తీసుకోవడం విషం తీసుకోవడమే కనుక, మిగతా విషయాలన్నిటికన్నా ముందు దీనిని తేల్చుకోండి. పెట్టెను బీరువాలోంచి తీసి, ఎండ తగలని గదిలో, వంటింటికీ పూజగదికీ దూరంగా, మూత తెరిచి నాలుగైదు రోజులు ఉంచిన తర్వాత వాసన చూడండి. పాత చెక్క, ఎండుగడ్డి, తోలు వంటి వాసన వస్తే సంతోషమే. కలరా ఉండల ఘాటు లేశమాత్రంగానైనా మిగిలి ఉంటే వాటిని వెలిగించే ఆలోచన పూర్తిగా మానుకుని, పెట్టెను ఉన్నదున్నట్లు దాచుకోండి. ఈ పరీక్షలో మీ అమ్మగారిని కూడా కూర్చోబెట్టుకోండి. ఆ పెట్టె వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో ఆమెకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

మీ ఇంట్లో నడుస్తున్న 1989, 1990 చర్చను ఆ నాలుగు అక్షరాలు చాలావరకు తేలుస్తాయి. 1985 నుంచి క్యూబా కర్మాగారాలు పెట్టె నింపిన నెలను, సంవత్సరాన్ని అక్షరాల చాటున ముద్రించేవి. ‘నివెల్ అకూసో’ అనే పదబంధంలోని పది ఇంగ్లీషు అక్షరాలకు (ఎన్, ఐ, వి, ఇ, ఎల్, ఎ, సి, యు, ఎస్, ఓ) వరుసగా 1 నుంచి 9 వరకు, చివరి అక్షరానికి సున్నా విలువ ఇచ్చారు. ఆ లెక్కన ఓ అంటే సున్నా, ఐ అంటే 2, యు అంటే 8, ఎస్ అంటే 9. అంటే మీ పెట్టె 1989 ఫిబ్రవరిలో నిండింది. దుకాణంలో కొంతకాలం ఆగిన పెట్టెను మీ మామగారు 1990లో కొని ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము గాని, మీ అక్కగారు పుట్టిన ఏడాదే ఆ చుట్టలు పెట్టెకెక్కాయన్నది స్పష్టం. క్యూబా చుట్టలను అమ్మే హబానోస్ సంస్థ 1994లో ఏర్పడిన తర్వాతే దాని పేరు పెట్టెల అడుగున కనిపించసాగింది కనుక, మీ పెట్టె మీద ఆ పేరు ఉండకూడదు. ఒకసారి తిప్పి చూసుకోండి.

మాంటెక్రిస్టో 1935లో మొదలైన పేరు. అందులో నెంబరు 4 చిన్న చుట్టే: పొడవు 129 మిల్లీమీటర్లు, లావు అంగుళంలో అరవై నాలుగో వంతులు 42, అంటే పదహారు మిల్లీమీటర్లకు కొంచెం పైన. మన తాతల కాలపు లంక పొగాకు చుట్టలాగే ఇదీ అచ్చంగా ఆకుతో చుట్టినదే, కాగితం ఉండదు. అయితే దీనిలో మూడు వేర్వేరు పొరలుంటాయి. లోపల చుట్ట పొడవునా సాగే పొడవాటి ఆకులు, వాటిని పట్టి ఉంచే మధ్య ఆకు, పైన పట్టులా నునుపైన పలుచటి ఆకు. ఈ పై ఆకు కోసం పెంచే మొక్కల మీద ఎండ నేరుగా పడకుండా పొలం నిండా గుడ్డ పందిరి వేస్తారు. క్యూబా పడమటి కొసన ఉన్న పినార్ దెల్ రియో ప్రాంతంలోని వ్యుయెల్తా అబాహో నేలలు ఈ ఆకుకు పేరుపొందినవి. కోసిన ఆకును ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి పులియబెట్టి, నెలలూ ఏళ్ళూ నిలవ ఉంచిన తర్వాతే చేత్తో చుడతారు.

మీ నాయనగారు తెలుగు ఉపాధ్యాయులని రాశారు కనుక మరొక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. చుట్టలు చుట్టేవారు పని చేసుకుంటూ ఉండగా, ఎత్తైన పీట మీద కూర్చుని ఒకరు వారికి వార్తాపత్రికలనూ నవలలనూ బిగ్గరగా చదివి వినిపించే ఆచారం 1865లో హవానాలో మొదలై ఇప్పటికీ నిలిచి ఉంది. మొదట్లో ఆ చదువరి జీతాన్ని కార్మికులే తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. మీ పెట్టెలోని రెండు చుట్టలూ అలా ఎవరో చదువుతుండగా, మరెవరో వింటూ చుట్టినవే కావచ్చు.

ఇన్నేళ్ళ నిలవ మంచిదా చెడ్డదా అంటే, అది తేమ మీద ఆధారపడిన విషయం. తగిన తేమలో ఉన్న చుట్టలో మిగిలిపోయిన అమ్మోనియా క్రమంగా పోయి, కొత్త ఆకులోని కరుకుదనం తగ్గి, పాత బియ్యపు అన్నం పొడిపొడిగా, తేలికగా ఉన్నట్లే దాని రుచి కూడా నెమ్మదిస్తుంది. అయితే వేసవిలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో, ఇనుప బీరువాలో, తేమ పెట్టే ఏర్పాటేమీ లేకుండా ఉన్న చుట్టలు ఎండిపోయి ఉంటాయి. పోయిన తేమను మళ్ళీ ఎక్కించవచ్చు గాని, తేమతోబాటు ఆవిరైన సుగంధ తైలాలు తిరిగి రావు. మీకు దొరికేది పల్చని, సాత్వికమైన రుచి అని ముందే అనుకుని కూర్చుంటే నిరాశ ఉండదు. బలహీనపడినా క్యూబా ఆకుకుండే మట్టి వాసన, చెక్క వాసన కొంతైనా మిగిలి ఉంటాయని నా నమ్మకం.

తేమ ఎక్కించే పనిలో తొందర పనికిరాదు. ఒక్కసారిగా తేమ తగిలితే లోపలి ఆకులు ఉబ్బి, బిగిసిపోయిన పై ఆకు నిట్టనిలువునా చీలిపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, చెక్కపెట్టెను మూత కొద్దిగా తెరిచి అందులో పెట్టండి. తేమను ఒకే స్థాయిలో నిలిపే పొట్లాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మొదట 62 శాతం పొట్లాన్ని పెట్టెకు దూరంగా డబ్బా మూలన ఉంచి మూడు నాలుగు వారాలు ఆగండి, తర్వాత 65 శాతానిది పెట్టి మరొక నెల ఆగండి. పాత క్యూబా చుట్టలకు అంతకు మించిన తేమ అవసరం లేదని నా అభిప్రాయం. వేళ్ళ మధ్య మెల్లగా నొక్కితే గలగలమనకుండా కొద్దిగా లొంగి, తిరిగి నిలబడితే సిద్ధమైనట్లు. తేమ కొలిచే చిన్న మీటరు కొంటే, దానిని నమ్మే ముందు తడిపి ముద్ద చేసిన ఉప్పుతోబాటు బిగుతైన సంచిలో ఒక రోజు ఉంచండి. అది 75 చూపాలి, తేడా ఉంటే ఆ తేడాను లెక్కలో వేసుకోండి. ఈ రెండు నెలలూ డబ్బాను ఇంట్లో కింది గదిలో, అన్నిటికన్నా చల్లగా ఉండే చోట ఉంచాలి. తెల్లని నూగు బూజులా పట్టిందేమో వారానికొకసారి చూడండి. పట్టితే ఆ చుట్టను కాల్చవద్దు.

సంవత్సరీకం నాడు కాకుండా, ఆ కార్యక్రమాలన్నీ ముగిసి బంధువులు వెళ్ళిన తర్వాత ఒక సాయంత్రం ఎంచుకోవడం సరైన ఆలోచన. నేనైతే మీ మామగారిని కూడా పిలుస్తాను. ఓడలో మోసుకొచ్చిన మనిషి ఉండగా రెండో చుట్ట ఎవరిదన్న సందేహమే అక్కర్లేదు, ఆయన ఆరోగ్యం అనుమతిస్తే. మీ నాయనగారు కూర్చునే మిద్దె కన్నా తగిన చోటు లేదు. గాలి హోరు లేని రోజు చూసుకోండి, ఫ్యాను కింద వద్దు. గాలి తగిలితే చుట్ట ఒకవైపే కాలుతుంది. పిల్లలూ గర్భిణులూ దగ్గర లేకుండా చూసుకోండి. జ్ఞాపకంగా వాటిని కొండకు తీసుకువెళ్ళాలని ఎవరైనా సూచిస్తే వద్దనండి, అలిపిరి దాటి పొగాకు పోకూడదు.

కడుపు నిండా భోజనం చేసి కూర్చోండి. చుట్ట మూసి ఉన్న కొసన, టోపీలా అతికించిన ఆకును రెండు మిల్లీమీటర్ల మేర కొత్త బ్లేడుతో ఒక్క వేటుకు కోయండి, లోతుగా కోస్తే పై ఆకు విడిపోతుంది. వెలిగించకుండానే ఒకటి రెండు సార్లు గాలి పీల్చి చూడండి, ఆ చల్లని రుచి ఒక్కోసారి పొగ కన్నా బాగుంటుంది. పెట్రోలు లైటరు వద్దు, దాని వాసన అంటుకుంటుంది. అగ్గిపుల్ల అయితే గంధకం పూర్తిగా కాలాక దగ్గరికి తీసుకురండి. పెట్టెలో రెండు వరుసల మధ్య ఉండే పల్చటి చెక్క రేకు మిగిలి ఉంటే దానిని చీల్చి అంటించుకోవడం అన్నిటికన్నా మేలు. దానిని స్పానిష్ సెడార్ అంటారు గాని, అది మన వేప, మహాగని కుటుంబంలోని చెట్టు. మంట చుట్టను తాకకుండా కొద్దిగా కింద పట్టి, కొసను తిప్పుతూ అంచులన్నీ ఎర్రబడే వరకు కాచి, అప్పుడు నోట పెట్టుకోండి.

నిమిషానికొక దమ్ము చాలు. త్వరపడితే చుట్ట వేడెక్కి చేదెక్కుతుంది. పొగను నోట్లోనే ఉంచుకుని వదలాలి, గుండెల్లోకి దింపకూడదు. నుసిని పదేపదే దులపకుండా దానంతట అది రాలే దాకా ఉండనివ్వండి. పక్కన చక్కెర తక్కువ వేసిన ఫిల్టర్ కాఫీ ఈ రుచికి చక్కగా తోడవుతుంది. అలవాటు లేనివారికి నికోటిన్ తలకెక్కి, చెమటలు పట్టి వికారం కలగడం సహజం కనుక, అలా అనిపించిన వెంటనే పక్కన పెట్టి మంచినీళ్ళు తాగి కాస్త తీపి తినండి. సగంలో ఆపితే మీ నాయనగారిపట్ల లోటు చేసినట్లు కాదు. ఆపిన చుట్టను నలపకుండా పళ్ళెంలో వదిలేస్తే దానంతట అదే ఆరిపోతుంది.

పొగను మింగకపోయినా చుట్ట నోటికీ గొంతుకూ అన్నవాహికకూ క్యాన్సరు తెచ్చిపెట్టగలదు. క్యూబాకు గుర్తుగా చుట్టతోనే ప్రపంచానికి కనిపించిన ఫిడెల్ కాస్ట్రో సైతం ప్రజారోగ్యం కోసం 1985లో దానిని మానేశారు. ఇన్నేళ్ళలో ఒక పెట్టెను కూడా పూర్తి చేయని మీ నాయనగారి నిగ్రహమే ఈ రెండింటికి విలువ తెచ్చింది కనుక, ఇవి అయిపోయాక మరొక పెట్టె కొనవద్దని ఆప్యాయంగా కోరుతున్నాను.

ప్రశ్న: దుబాయ్ నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన సిగార్ ఒకటి, అల్యూమినియం గొట్టంలో ఉన్నది, మావారు అపురూపంగా దాచుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు. దానిని ఎవరూ కాల్చకూడదు, అలాగే ఉండాలి. నిన్న తీసి చూస్తే గుండుసూది మొనంత రంధ్రం కనబడింది. ఏం చేయాలమ్మా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: ఆ రంధ్రం పొగాకు పురుగు చేసినది. పసుపు కొమ్ములకూ ఎండుమిరపకాయలకూ పట్టే గోధుమరంగు చిన్న పురుగూ ఇదే. ఎండాకాలపు వేడిలో దీని గుడ్లు పగిలి పురుగులు బయటికి వస్తాయి కనుక వెంటనే పూనుకోండి. సిగార్‌ను గొట్టంతో సహా రెండు ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా మూసి, ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, తర్వాత పది రోజులు ఫ్రీజర్లో, మళ్ళీ ఒక రోజు కింది అరలో ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చే వరకు కవరు విప్పకండి. మీరు దానిని కాల్చరు కనుక తేమ పొట్లాలు అవసరం లేదు. పొడిగా ఉన్న ఆకుకు బూజు పట్టదు, ఒకే జాగ్రత్త దానిని వంచకుండా, నొక్కకుండా ఉంచడం. గొట్టం మూత బిగించి, మెత్తని నూలు గుడ్డలో చుట్టి, గాజు సీసాలో పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచండి. ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఒక చీటీ మీద రాసి సీసాలోనే వేస్తే మీ పిల్లలకు తెలుస్తుంది. ఏడాదికొకసారి వేసవి ముగిశాక తీసి, కొత్త రంధ్రాలుగాని, అడుగున సన్నని పొడిగాని ఉన్నాయేమో చూసుకోండి. పసుపూ మిరపకాయలూ ధనియాలూ ఉండే అలమరలో మాత్రం పెట్టవద్దు.