క్షయకరణ విభజన (మియోసిస్) మొదటి దశలో సెంట్రోమియర్ (క్రోమోజోము నడుము) ఎందుకు విడిపోదు?

దీని మీద మీరు గీసిన బొమ్మలో వదిలేసింది షుగోషిన్ అనే ప్రోటీన్‌ని. అనాఫేజ్-1లో (మొదటి విభజనలో క్రోమోజోములు చెరోవైపు కదిలే దశ) సెపరేజ్ అనే ఎంజైము, క్రోమాటిడ్లను కట్టి ఉంచే కోహెసిన్ అనే ప్రోటీన్‌ని కోసేస్తే సోదర క్రోమాటిడ్లు (ఒకే క్రోమోజోము రెండు నకళ్లు) ఇంకా ఎలా కలిసుంటాయన్న చిక్కు అక్కడే వస్తోంది.

1. సిరొంచ రేవులో రెండు పడవలు పక్కపక్కనే కట్టేసి ఉన్నాయనుకోండి. పడవలు క్రోమాటిడ్లు, తాళ్లు కోహెసిన్.

2. అందరూ జారేది ఇక్కడే. సెపరేజ్ ఏ తాడు పడితే ఆ తాడు కోయదు. కోహెసిన్‌లోని రెక్8 అనే భాగానికి ఫాస్ఫేట్ తగిలి ఉంటేనే కోస్తుంది. సెంట్రోమియర్ దగ్గర షుగోషిన్, పీపీ2ఏ అనే ఎంజైమును తెచ్చి పెట్టుకుని ఆ ఫాస్ఫేట్‌ని ఎప్పటికప్పుడు ఊడబెరికిస్తుంది. ఫాస్ఫేట్ అనే గుర్తే లేదు, కాబట్టి కోత లేదు. (షుగోషిన్ అనేది 2004లో జపాన్ వాళ్లు పెట్టిన పేరు, కాపాడే దైవం అని అర్థం. మన పొలిమేర పోచమ్మ అనుకోండి.)

3. సెంట్రోమియర్‌కి అటూ ఇటూ ఉండే క్రోమోజోము భుజాల మీద ఈ కాపలా లేదు. అక్కడి తాళ్లు తెగి సమజాత క్రోమోజోములు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జత) మాత్రమే చెరోవైపు వెళ్తాయి.

4. అనాఫేజ్-2 (రెండో విభజనలో ఇదే దశ) నాటికి కాపలా తొలగుతుంది, మిగిలిన తాళ్లూ తెగుతాయి.

బొమ్మలో కోహెసిన్‌ని క్రోమోజోము పొడవునా ఒకే రంగుతో గీశారు కదా, సెంట్రోమియర్ దగ్గర రంగు మార్చి మళ్లీ గీయండి.