లెవోడోపా ఆలస్యం చేస్తే ఊగులాట తప్పుతుందా? మా అమ్మ విషయంలో తప్పలేదు

మీ నాన్నగారికి 54 ఏళ్లకే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని తేలిందని, దానికి వాడే ముఖ్యమైన మందు లెవోడోపా మొదలుపెడితే అయిదేళ్లలో ఒళ్లు దానంతటదే ఊగడం (ఊగులాట) ఖాయం కాబట్టి వీలైనంత కాలం ఆపమని బంధువులు అంటున్నారని, అందులో నిజమెంతని అడిగారు. ఇదే మాట నమ్మి ఒడిశాలోని బరంపురంలో మేము మా అమ్మకు రెండేళ్లు ఆ మందు వేయించలేదు. ఆ రెండేళ్లు ఆమె చేతిలోంచి మేమే లాక్కున్నామని నాకు ఇప్పటికీ బాధ.

మాది పట్టు నేసే ఇల్లు. అమ్మకు 49వ ఏట రాట్నం మీద కండెలు చుడుతుంటే కుడిచెయ్యి వణకడం మొదలైంది. చివరకు మందు మొదలుపెట్టాక, జబ్బు ముదిరిందంటూ ఏడాదిన్నరలో రోజుకు 800 మిల్లీగ్రాముల దాకా పెంచారు. పూటకు రెండేసి మాత్రలు, నాలుగు పూటలు. అమ్మ బరువు 41 కిలోలు. వైద్యులు రాసిన మందుల చీటీలలో ఒక్కదానిలోనూ ఆమె బరువు రాసి లేదు.

ఆ ఏడు మా ఊరి జాతర ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటాలు మా వీధికి వచ్చే వేళకు అమ్మ మాత్రలు వేసుకుని గంటయింది. అరుగు మీద కూర్చున్న మనిషికి మెడ ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు తిరగడం మొదలై, ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకున్నా గాజులు గలగలలాడుతూనే ఉన్నాయి. పూనకం వచ్చిందనుకుని ఒకావిడ కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, తన కూతురికి పెళ్లి ఎప్పుడవుతుందో చెప్పమని చేతులు జోడించింది. పూర్తి తెలివిలో ఉన్న అమ్మ, "నాకు పూనకం కాదమ్మా, మాత్ర ఎక్కువయింది" అని తలవంచుకుంది. రెండు గంటలు తిరక్కుండానే మందు దిగిపోయి, గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతే, నేనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాను.

ఆ రాత్రి తరువాత దొరికిందల్లా చదివాను. ఘనాలోనూ ఇటలీలోనూ రోగులను పోల్చి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఘనాలో మందు ఆలస్యంగా మొదలైనా ఒళ్లు ఊగడం, మందు ముందే దిగిపోవడం అనే ఈ చిక్కులు జబ్బు మొదలైన ఇంచుమించు అన్నేళ్లకే వచ్చాయని, వాటికి సంబంధం జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందన్నదానితోనూ కిలో బరువుకు పడే మోతాదుతోనూ ఉందని తేలింది. 2004 నాటి మరో పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాములు వాడినవారిలో వందకు 16 మందికి పైగా 40 వారాలకే ఊగులాట కనిపించింది. 150, 300 వాడినవారిలో అది చాలా తక్కువ. చిన్న వయసులో జబ్బు రావడం, ఆడవారు కావడం, తక్కువ బరువు, ఎక్కువ మోతాదు: ఈ నాలుగూ ముప్పును పెంచేవే, నాలుగూ మా అమ్మలో ఉన్నాయి. అందుకే నా దృష్టిలో ఎప్పుడు మొదలుపెట్టారన్నదాని కన్నా, ఎంత బరువున్న మనిషికి ఎంత వేశారన్నదే అసలు ప్రశ్న.

తరువాత చూసిన వైద్యుడు మోతాదును 500కు తగ్గించి, పూటకు ఒక్క మాత్ర చొప్పున అయిదు పూటలుగా విడగొట్టి, ఊగులాటను తగ్గించే అమాంటడిన్ అనే మందు చేర్చారు. ఊగులాట పూర్తిగా పోలేదు గానీ, అమ్మ మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకోగలిగింది. ఇది మీరు ఇంట్లో చేసే పని మాత్రం కాదు, ఈ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికే వస్తుంది.

మందుల దుకాణంలో గానీ ఆసుపత్రిలో గానీ మాకు ఎవరూ చెప్పని సంగతి మరొకటి ఉంది. పప్పు, పెరుగు, గుడ్డు వంటి వాటిలోని మాంసకృత్తులు పేగులో ఈ మందుతో పోటీపడి దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు, రక్తహీనతకు వేసే ఇనుము మాత్రలు కూడా ఆ మందుతో కలిసిపోయి అది పట్టడాన్ని తగ్గిస్తాయి. మేము మూడేళ్లు పెరుగన్నం తినగానే మాత్ర వేసి, మందు పని చేయడం లేదని మోతాదు పెంచమని అడిగాము. భోజనానికి అరగంట ముందు వేయాలన్న ఒక్క మాట చీటీ మీద రాస్తే ఆ పెంపులో కొంతైనా తప్పేదని నా నమ్మకం.

వైద్యుడి దగ్గరకు వెళ్లేముందు ఒక వారం పాటు మాత్ర వేసిన గంట, భోజనం చేసిన గంట, ఒళ్లు ఊగిన గంట, బిగుసుకుపోయిన గంట కాగితం మీద రాయండి. మీ ప్రశ్నలో నాన్నగారి వయసు ఉంది, బరువు లేదు. ఆ కాగితంలో మొదటి గీత మీద అదే ఉండాలి.