బాబు సమస్యే నాకూ ఉందా?

ప్రశ్న: నా వయసు 38 సంవత్సరాలు. హనుమకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. మూడో తరగతి చదువుతున్న మా బాబుకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చంచలత్వం, తొందరపాటు కనిపించే సమస్య) ఉందని రెండు నెలల క్రితం డాక్టరుగారు నిర్ధారించారు. ఆయన ఒక్కొక్క లక్షణం గురించి అడుగుతూ ఉంటే, నేను చెబుతున్నది బాబు సంగతా, నా సంగతా అనే అనుమానం కలిగింది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం నాకు నిత్యకృత్యం. ఖాతాలో డబ్బు ఉన్నా కరెంటు బిల్లు గడువు దాటాకే కడతాను. జవాబు పత్రాలు దిద్దే పని చివరి రాత్రి వరకూ మొదలుపెట్టలేను, మొదలుపెడితే తెల్లవారేదాకా లేవలేను. బాబు చదువుకూ నిద్రకూ వేళలు రాసి కౌన్సెలర్ ఇచ్చిన చార్టును నాలుగు రోజులు కూడా నడపలేకపోయాను. "ఊరందరి పిల్లలకూ పాఠాలు చెబుతావు, ఇంట్లో మాత్రం ఇదీ వరస" అని మా అత్తగారు అంటూ ఉంటారు. ఇది బద్ధకమా, సమస్యా? ఈ వయసులో పరీక్ష చేయించుకోవడం అవసరమా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మీ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి ఈ సమస్యలో వంశపారంపర్య ప్రభావం 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని అంచనా. అంటే తల్లికి ఉంటే నూటికి డెబ్బై మంది పిల్లలకు వస్తుందని కాదు, మనుషుల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాలకు జన్యువుల పాత్ర అంత ఎక్కువని అర్థం. బిడ్డను చూపించడానికి వచ్చి, తమను తాము గుర్తుపట్టి ఉలిక్కిపడే తల్లులు నాకు కొత్త కాదు. బల్లలెక్కి దూకే మగపిల్లవాడిని వారం తిరగకుండా గుర్తించే బడి, కిటికీ పక్కన కూర్చుని ఎటో చూసే ఆడపిల్లను "పరధ్యానం మనిషి" అని పేరు పెట్టి వదిలేస్తుంది. ఆ పిల్లకు మార్కులు కూడా వస్తే ఇక అడిగేవారే ఉండరు. పుట్టింట్లో అమ్మ నిద్రలేపి, క్యారేజీ సర్ది, జడవేసి పంపినంత కాలం, హాస్టల్లో గంట కొట్టినంత కాలం మీ రోజును మరొకరు నడిపి ఉంటారు. పెళ్లయి, ఉద్యోగం వచ్చి, బిడ్డ పుట్టాక ఆ గంట కొట్టే పని మీ మీద పడింది.

అయితే ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం తగదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో సవరించిన ప్రమాణాల ప్రకారం, ఏకాగ్రత లోపానికి సంబంధించిన తొమ్మిది లక్షణాలలో గానీ, చంచలత్వానికి, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదిలో గానీ పెద్దవారికి కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్నైనా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ పనిచేసే చోటా రెండింటా ఇబ్బంది పెడుతూ ఉండాలి. అందువల్ల డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే తీసుకువెళ్లండి, మీ చిన్నతనం తెలిసిన అమ్మనో అక్కనో వెంట ఉంటే మరీ మంచిది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, నిద్రలేమి, డిప్రెషన్, ఆందోళన కూడా మతిమరుపునూ ఏకాగ్రత లోపాన్నీ తెస్తాయి కనుక రక్తపరీక్షలు రాస్తే విసుక్కోవద్దు. అవి ఏడీహెచ్‌డీని పట్టుకోవడానికి కాదు, ఆ కారణాలు లేవని తేల్చుకోవడానికి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బద్ధకమా అని అడిగారు. బద్ధకస్తుడికి చేయని పని గుర్తుకు రాదు, వచ్చినా నిద్ర చెడదు. మీరేమో దిద్దని పత్రాల కట్టను వారం రోజులు మనసులో మోస్తున్నారు. ఏం చేయాలో మీకు తెలియక కాదు, తెలిసిన పనిని చేయవలసిన వేళకు మొదలుపెట్టడంలోనే చిక్కు ఉంది. గడువు మీదికి వచ్చినప్పుడు పుట్టే కంగారే మీకు ఇంధనం, అందుకే చివరి రాత్రి అంత చురుకుదనం.

ఇక చార్టు సంగతి. తూచా తప్పకుండా వేళలు పాటించగల తల్లి ఉంటుందన్న నమ్మకంతో తయారైన చార్టు అది. తల్లికీ ఇదే సమస్య ఉన్నప్పుడు ఇలాంటి శిక్షణ పిల్లలకు అంతగా ఫలించకపోవచ్చని పరిశోధనల్లోనూ తేలింది. కాబట్టి మీ పరీక్షను వాయిదా వేయకండి, అది బాబు వైద్యంలో భాగమే. ఈలోగా ఆ చార్టులో ఒక్క అంశాన్ని మాత్రం ఉంచి మిగిలినవి కొట్టివేయండి. ఆ ఒక్కదాన్నీ గడియారానికి కాక, మీ ఇంట్లో ఎలాగూ తప్పకుండా జరిగే పనికి ముడిపెట్టండి. మీ అత్తగారు రోజూ సాయంత్రం దీపం పెడతారనుకుందాం. ఆమె దీపం వెలిగించగానే బాబు పుస్తకం తీయాలి, వాడిని పిలిచే బాధ్యత ఆమెదే. ఇప్పటిదాకా తప్పులు ఎంచిన మనిషికి మీ అబ్బాయి వేళ అప్పగించడం మీకు రుచించకపోవచ్చు, కానీ మీ ఇంట్లో ఏనాడూ ఆలస్యం కాని గంట ఆమె దగ్గరే ఉండి ఉండవచ్చు. అడిగి చూడండి. పడుకోబెట్టే పని మీవారిది కావాలి, "సాయం" అన్న పేరుతో కాదు, పూర్తిగా ఆయన వంతుగా.

పాలకు ఈల వేసే మిల్క్ కుక్కర్ కొనండి. జ్ఞాపకశక్తిని పెంచుకోవడం కంటే అది చవక. కరెంటు బిల్లు ఖాతా నుంచి దానంతటదే చెల్లిపోయేలా ఏర్పాటు చేసుకోండి. పత్రాలను ఇంటికి తేకుండా స్టాఫ్ రూములో సహాధ్యాపకురాలి పక్కన కూర్చుని, పదేసి చొప్పున దిద్దండి. పక్కన మరొకరు తమ పని చేసుకుంటూ ఉంటే మన పని మొదలవడం తేలికని చాలామంది అనుభవం. మీరు ఏదైనా మరచిపోయినప్పుడు బాబు వినేలా "మరచిపోయాను, ఈసారి తలుపుకు చీటీ అంటిస్తాను" అని అనండి. వాడికి ఇస్తున్న తిట్లలో సగం తగ్గించినా ఫరవాలేదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 31. ఏడీహెచ్‌డీకి డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. అలవాటైపోతుందని మిత్రులు భయపెడుతున్నారు. పని ఒత్తిడి ఉన్న రోజుల్లోనే వేసుకోవచ్చా?

జవాబు: డాక్టరు చెప్పిన మోతాదులో, నోటి ద్వారా తీసుకునేవారికి ఇది వ్యసనంగా మారడం అరుదు. దుర్వినియోగం అయ్యే అవకాశం ఉన్న మందు కనుకనే ప్రభుత్వం దీనిని మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉంచింది. మీ చీటీ మీద కొన్న మాత్రను పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముడికో మిత్రుడికో ఇవ్వడం ప్రమాదం, నేరం కూడా. ఏ రోజు వేసుకోవాలో, ఏ రోజు మానాలో మీ డాక్టరుతోనే నిర్ణయించుకోండి. కొందరికి సెలవు రోజుల్లో మాన్పించే మాట నిజమే కానీ, మీరు డ్రైవింగ్ చేసేదీ, ఇంట్లో మాట తూలేదీ ఆ రోజుల్లోనే అయితే అది సరిపడదు. రక్తపోటు, నాడి, బరువు మధ్యమధ్య చూపించుకోవాలి, కుటుంబంలో గుండె జబ్బులుంటే మొదటే చెప్పాలి. ఆకలి మందగిస్తుంది కనుక టిఫిన్ తిన్నాక మాత్ర వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఈ మందు సరిపడకపోతే అటామాక్సెటిన్ అనే మరో మందు ఉంది, అయితే దాని ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. సాయంత్రం తాగే కాఫీని మాత్రం ఈ నెలకు మానివేసి, నిద్ర ఎలా ఉందో గమనించండి.