రేణిగుంట ఎయిర్‌పోర్టులో 12 రోజులు కారు పెట్టొచ్చా?

మీ బండి – మా జవాబు

ప్రశ్న: మాది చిత్తూరు. టీచరుగా రిటైరయ్యాను, వయసు 66. వచ్చే నెల నేనూ మా ఇంటావిడా హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మా ఇంటావిడకు మోకాలి ఆపరేషన్ అయింది, రాత్రంతా రైల్లో కూర్చోలేదు. అందుకని రేణిగుంట నుంచి విమానం టికెట్లు తీశాం. వెళ్ళేది ఉదయం 8 గంటలకు, 12 రోజుల తర్వాత వచ్చేది రాత్రి 9 గంటలకు. మాది 2017 మోడల్ పెట్రోలు కారు, గేర్లది. దాన్ని ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెట్టి వెళ్ళొచ్చా? టాక్సీలో వెళ్ళమని అల్లుడు అంటున్నాడు. తిరుపతి బైరాగిపట్టెడలో మా మరదలి ఇల్లుంది కానీ వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

జవాబు: పెట్టొచ్చు అయ్యవారూ. రెండు మూడు రోజుల పనైతే నేనూ అక్కడే పెట్టి వెళ్తాను. 12 రోజులంటే మాత్రం మరదలి ఇల్లే మేలంటాను. ఎందుకో చెప్తాను.

మీ జాబులో అన్నీ రాశారు, బ్యాటరీ ఎప్పుడు మార్చారో రాయలేదు. నాకు దిగులంతా దాని మీదే. తాళం వేసి వెళ్ళినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, రిమోట్ కోసం కాచుకుని ఉండే లాక్, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. ఆ కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి, రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఛార్జీని కొలిచే లెక్క ఇది) పోతుంది. 12 రోజులకు 14 దాటుతుంది. చిన్న పెట్రోలు కారుకు ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. కొత్తదైతే తట్టుకుంటుంది. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీలో ఆ 35 ఎక్కడుంటుంది? జీపీఎస్ ట్రాకరో, డ్యాష్ కెమెరానో బిగించుకుని ఉంటే ఇంకా తొందరగా దిగిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు సామాన్లతో, మోకాలి నొప్పితో ఉన్న మనిషితో పార్కింగ్‌లోకి వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ అని మాత్రమే వినిపిస్తే ఎంత టెన్షనో ఆలోచించండి.

ప్రయాణానికి వారం ముందే మెకానిక్ దగ్గర బ్యాటరీ చూపించండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కి దిగిందంటే సగం ఖాళీ అయినట్టే. అది ఛార్జింగ్‌తో కోలుకోకపోతే మార్చేయండి. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే వేడినీళ్ళతో కడిగించి, తుడిచి, వేజలీన్ రాయించండి.

రెండోది హ్యాండ్‌బ్రేక్. ఇది నా సొంత అనుభవం. 2021 నవంబరు వానలను తిరుపతి వాళ్ళెవరూ మరిచిపోరు. ఆ రోజుల్లోనే మా బావమరిదికి ఒంట్లో బాగాలేదని నేను హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. తడిసిన బండిని తెచ్చి, అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి వెళ్ళిపోయాను. ఐదు రోజులకు తిరిగొచ్చాను. ఇంజన్ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది, బండి మాత్రం కదలలేదు. వెనక కుడి చక్రం పట్టేసింది. జాకీ ఎత్తి, చక్రం విప్పి, లోపల బ్రేకు ఉండే గుండ్రటి డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వస్తే చివరికి టక్ మని వదిలింది. డ్రమ్ము ఊడదీస్తే లోపల బ్రేక్ షూ ఎక్కడ ఆనుకుందో అక్కడ, సరిగ్గా ఆ కొలతకు ఎర్రటి తుప్పు అచ్చు పడి ఉంది. మెకానిక్‌ని కాబట్టి డిక్కీలో సామాను ఉంది, చేసుకున్నాను. మీరైతే ఆ రాత్రి ఏం చేసేవారు?

అందుకే బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, మొదటి గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. ముందు చక్రానికి అటొకటి ఇటొకటి చెక్క ముక్క పెట్టండి చాలు. తిరిగొచ్చాక వాటిని తీయడం మరిచిపోకండి. వాన పడి నీళ్ళలో బండి నడిపి ఉంటే, ఆపబోయే ముందు రెండు మూడు సార్లు బ్రేకు మెల్లగా నొక్కుతూ పోనివ్వండి, లోపల తడి ఆరుతుంది.

ఇక ఖర్చు. పార్కింగ్ రుసుము రోజు లెక్కన పెరుగుతుంది, రేట్లు గేటు దగ్గర బోర్డు మీద ఉంటాయి. దాన్ని 12తో గుణించి, రానుపోను పెట్రోలు, గాదంకి టోల్ కలుపుకోండి. చిత్తూరు నుంచి ఎయిర్‌పోర్టుకు దాదాపు 85 కిలోమీటర్లు. టాక్సీ వాళ్ళు ఖాళీగా తిరిగెళ్ళే దూరం కూడా లెక్కేస్తారు కాబట్టి దించడానికి ఒకసారి, తేవడానికి ఒకసారి కలిపి మీకు 340 కిలోమీటర్లు పడుతుంది. అల్లుడు చెప్పింది సుఖం, చవక మాత్రం కాదు.

మరదలి ఇల్లు ఎందుకన్నానంటే, 8 గంటల విమానానికి కౌంటరు 7కే మూసేస్తారు. చిత్తూరు నుంచి అయితే తెల్లవారుజామున 4కే బయలుదేరాలి. తిరిగొచ్చేది రాత్రి 9కి. సామాను చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఆ తర్వాత చంద్రగిరి, పాకాల మీదుగా చీకట్లో ఎదురు లైట్ల మధ్య 85 కిలోమీటర్లు. 66 ఏళ్ళ వయసులో ఆ డ్రైవింగ్ వద్దండీ. ముందు రోజు సాయంత్రమే బైరాగిపట్టెడ చేరి, బండి వాళ్ళింటి దగ్గర పెట్టి, పొద్దున ఆటోలోనో టాక్సీలోనో వెళ్ళండి. వచ్చిన రాత్రి అక్కడే పడుకుని, పొద్దున టిఫిన్ చేసి ఇంటికి బయలుదేరండి. అక్క వచ్చి రెండు రాత్రులు ఉంటే ఏ చెల్లెలూ ఇబ్బంది అనుకోదు. అడగకుండా ఎయిర్‌పోర్టులో బండి పెట్టి వెళ్ళారని తెలిస్తేనే బాధపడుతుంది.

అక్కడ పెడితే ఇంకో మేలుంది. నాలుగైదు రోజులకొకసారి వాళ్ళ అబ్బాయి ఎవరైనా బండిని కరకంబాడి రోడ్డు దాకా అరగంట తిప్పి తేవచ్చు. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దని చెప్పండి. ఆ ఐదు నిమిషాల్లో బ్యాటరీకి పెద్దగా ఛార్జింగ్ ఎక్కదు.

అయినా ఎయిర్‌పోర్టులోనే పెట్టాలనుకుంటే బ్యాటరీ మైనస్ వైరు తీసి వెళ్ళండి. పది నంబరు స్పానరుతో రెండు నిమిషాల పని. తర్వాత రిమోట్ పనిచేయదు కాబట్టి తలుపులన్నీ లోపలి నుంచి లాక్ చేసి, డ్రైవర్ తలుపు తాళంచెవితో వేయండి. పార్కింగ్ రసీదు బండిలో కాకుండా పర్సులో ఉంచుకోండి. ఎక్కడ పెట్టారో ఒక ఫొటో తీసుకోండి. ఎండకు మూసిన కారు లోపల పొయ్యిలా కాగుతుంది కాబట్టి పవర్ బ్యాంకు, లైటరు, సెంటు సీసా ఉంచొద్దు. కొండ మీద నుంచి తెచ్చిన లడ్డూ ప్రసాదం డ్యాష్‌బోర్డులో మిగిలి ఉందేమో కూడా చూడండి. ఆ వాసనకు ఎలుక వచ్చిందంటే తర్వాత వైర్లు కొరుకుతుంది.

ప్రశ్న: పార్కింగ్‌లో కారు స్టార్ట్ కాలేదు. పక్క కారాయన జంపర్ కేబుల్ ఇస్తానన్నారు. కంప్యూటర్ కాలిపోతుందని భయపడి వద్దన్నాను. నేను చేసింది సరైనదేనా? – ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: భయం తప్పు కాదమ్మా, వైర్లు తారుమారైతే నిజంగానే కాలుతుంది. వరస తెలిస్తే భయం అక్కర్లేదు. రెండు బండ్లూ ఆపి ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర క్లిప్పు ముందు మీ ప్లస్‌కు, రెండో ఎర్ర కొస వాళ్ళ ప్లస్‌కు. నల్లది వాళ్ళ మైనస్‌కు, దాని రెండో కొస మీ బ్యాటరీకి కాకుండా, కాస్త దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు. చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర గ్యాసు ఉండొచ్చు, అందుకే ఆ దూరం. వాళ్ళ బండి స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఉంచాక మీది తిప్పండి. స్టార్ట్ అయ్యాక క్లిప్పులు పెట్టిన వరసకు ఎదురు వరసలో తీయండి. తర్వాత ఇంజన్ ఆపకుండా నేరుగా బ్యాటరీ షాపుకే పోనివ్వండి.