కొండ నీళ్లు, కరెంటు: మీ ప్రశ్నలకు ఇంజినీర్ల జవాబులు

ప్రశ్న: వంశధారకు వరదొస్తే గొట్టా దగ్గర గేట్లన్నీ ఎత్తేస్తారు. అన్ని నీళ్లు సముద్రం పాలవుతుంటే, మాచ్‌ఖండ్‌ లాంటి కరెంటు కేంద్రం ఇక్కడెందుకు పెట్టలేదు? (హిరమండలం)

జవాబు: నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది సగం లెక్కే. ఎంత ఎత్తు నుంచి దిగుతున్నాయన్నది మిగతా సగం. సెకనుకు పారే ఘనపు మీటర్లను దిగే ఎత్తుతో హెచ్చించి, దాన్ని మళ్లీ 8.6తో హెచ్చిస్తే కిలోవాట్లు వస్తాయి. టర్బైన్‌, జనరేటర్‌ నష్టాలు అందులో పోయినట్టే. వెయ్యి క్యూసెక్కులంటే 28.3 ఘనపు మీటర్లు. ఆ నీటిని 5 మీటర్ల ఎత్తు నుంచి దింపితే 1.2 మెగావాట్లు. అదే నీటిని 250 మీటర్ల నుంచి దింపితే 60 మెగావాట్లు దాటుతుంది.

వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, దిగాల్సిన ఎత్తులో చాలా భాగం అక్కడే దిగేసి మన జిల్లాల్లో అడుగుపెడతాయి. గొట్టా బ్యారేజీ పని నీటిని కాలువలకు ఎక్కించడం, అంతవరకే. మాచ్‌ఖండ్‌ సంగతి వేరు. మాడుగుల కొండల్లో పుట్టిన ఆ నది దుడుమ దగ్గర ఒక్క దూకుడులో 150 మీటర్లకు పైగా దిగుతుంది. దానికి ఎగువన జలాపుట్‌ డ్యామ్‌లో సుమారు 34 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది కాబట్టి వానాకాలపు నీరు వేసవికీ అందుతుంది. 1955లో మొదలైన ఆ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. అదే నది సీలేరు పేరుతో ఇంకా కిందికి దిగుతూ ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాలను తిప్పుతోంది. మూడు రోజులు ముంచెత్తి పోయే వరదతో ఏ టర్బైనూ ఏడాదంతా తిరగదు.

ప్రశ్న: పారుతున్న నదిలో అంత పెద్ద కాంక్రీటు డ్యామ్‌ ఎలా కడతారు? ముందు నీటిని ఆపాలా, పునాది తీయాలా? (రాజాం, ఇంజినీరింగ్‌ విద్యార్థి)

జవాబు: నీటిని ఆపరు, పక్కకు తిప్పుతారు. లోయ ఇరుకుగా ఉంటే ఒక గట్టు కొండలో సొరంగం తవ్వుతారు. వెడల్పుగా ఉంటే నదిని సగం సగం మూసుకుంటూ కడతారు. ఎగువన, దిగువన కాఫర్‌ డ్యామ్‌లు, అంటే తాత్కాలిక అడ్డుకట్టలు వేసి మధ్యలో నీరు తోడేస్తారు. పనికి దొరికేది వానలు లేని కాలమే. మన తూర్పు కనుమల్లో అది క్యాలెండరు చెప్పినంత పొడుగుండదు. నైరుతి వానలు పోయాయనుకునేసరికి అక్టోబరులో తుపాను వస్తుంది. 2014లో హుద్‌హుద్‌, 2018లో తిత్లీ అలా వచ్చినవే. అందుకని డిసెంబరుకు ముందు నది గర్భంలో పెద్ద పని పెట్టుకోకపోవడమే తెలివి. కాఫర్‌ డ్యామ్‌ మీంచి వరద పొర్లినా కాంక్రీటు డ్యామ్‌కు యంత్రాలు, నెలల కాలం నష్టమవుతాయి. మట్టి కట్టకైతే కట్టే కొట్టుకుపోవచ్చు.

పునాది దగ్గరే అసలు పరీక్ష. గుణపం పెడితే కదిలే రాయి ఒక్కటి కూడా మిగలకుండా తీసి, గాలి, నీరు కలిపి కొట్టి కడుగుతారు. పైకి గట్టిగా కనిపించే రాతిలోనూ బీటలుంటాయి. బోరు వేసి, 10 బార్ల ఒత్తిడితో నీరు ఎక్కిస్తే, మీటరు పొడవుకు నిమిషానికి ఒక లీటరు పీల్చుకుంటే అది ఒక లూజియాన్‌. ఎక్కువ పీల్చే చోట సిమెంటు పాలు ఎక్కిస్తారు. దీన్నే గ్రౌటింగ్‌ అంటారు. మొదట 6 మీటర్లకో బోరు, వాటి మధ్య 3 మీటర్లకు, ఇంకా పీలుస్తుంటే 1.5 మీటర్లకు. లోతు, 100 మీటర్ల నీరు నిలిచే చోట, 75 మీటర్ల దాకా వెళ్లాల్సి రావచ్చు. ఇలా సిమెంటు ఎక్కించిన బోర్ల వరస రాతిలో నీటికి అడ్డుతెరలా నిలుస్తుంది. ఈ తెరకు దిగువన నీరు బయటికి రావడానికి డ్రైనేజీ బోర్లు వేయాలి. అవి గ్రౌటింగ్‌ పూర్తయ్యాకే వేయాలి. ముందే వేస్తే సిమెంటు పాలు వాటిలోకే వచ్చి పూడుకుపోతాయి. షెడ్యూలు తొందరలో ఈ వరస తప్పిన చోట్ల తర్వాత మళ్లీ తవ్వుకోక తప్పదు.

ఇక కాంక్రీటు. సిమెంటు గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. అంత లావు దిమ్మ నడుమ ఆ వేడి నెలల తరబడి పోదు. పైపొర చల్లారి ముడుచుకుంటుంది, లోపల ఉబ్బి ఉంటుంది, బీటలిస్తుంది. అందుకే ఒక్కసారి 1.5 మీటర్ల ఎత్తే పోసి, రెండు మూడు రోజులు ఆగి తర్వాతి పొర వేస్తారు. కలిపే నీటికి బదులు ఐసు పలుకులు వేస్తారు, కంకరను చల్లని నీటితో తడుపుతారు. కంకర 150 మిల్లీమీటర్ల దాకా వాడేదీ సిమెంటు తగ్గించి వేడి తగ్గించడానికే.

ప్రశ్న: కొండ మీద సొరంగం చివర పైకి తెరుచుకున్న పెద్ద బావి లాంటిది ఉంటుంది. ఎందుకది? (గజపతినగరం)

జవాబు: అది సర్జ్‌ షాఫ్ట్‌. ఎక్కడో లైను ట్రిప్‌ అయితే జనరేటర్‌ మీద లోడు క్షణంలో పోతుంది. టర్బైన్‌ వేగం పెరిగిపోకుండా నీటి దారి మూయాలి. కానీ కిలోమీటర్ల సొరంగం నిండా వేగంగా వస్తున్న నీరు ఒక్కసారిగా ఎక్కడ ఆగుతుంది? ఉక్కు పైపులో నీటి వేగం సెకనుకు ఒక్క మీటరు చటుక్కున తగ్గితే సుమారు 100 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన అదనపు ఒత్తిడి పైపు మీద పడుతుంది. వచ్చే నీరు ఆ బావిలోకి ఎగసి, ఊగి, సర్దుకుంటుంది. దాని కింద పెన్‌స్టాక్‌లో, అంటే టర్బైన్‌కు నీరు దించే ఉక్కు పైపులో, మిగిలే ఒత్తిడి కోసం గేట్లను నెమ్మదిగా మూస్తారు. నాజిల్‌ నుంచి చిమ్మే ధారతో తిరిగే పెల్టన్‌ చక్రమైతే నీటి ధారను ముందు పలకతో పక్కకు తప్పించి, తర్వాత తీరిగ్గా నాజిల్‌ మూస్తారు.

దీనికి తిరగబడ్డ ప్రమాదం గురించి తక్కువమంది మాట్లాడతారు. ఎగువన గేటు మూసి పైపులో నీరు ఖాళీ చేసేటప్పుడు గేటు వెనక గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే, లోపల శూన్యం ఏర్పడి, పగలడానికి లొంగని పెన్‌స్టాకే బయటి గాలి ఒత్తిడికి లోపలికి నొక్కుకుపోతుంది. నింపేటప్పుడు కూడా గాలి పోయే వ్యవధి ఇస్తూ కొద్దికొద్దిగా నింపాలి.

ప్రశ్న: కరెంటు తీసేసిన నీళ్లలో సారం ఉండదని మా ఊళ్లో పెద్దలు అంటారు. నిజమేనా? (నరసన్నపేట)

జవాబు: కాదు. టర్బైన్‌ తీసుకునేది నీరు దిగే ఊపును మాత్రమే. అయితే పెద్దల మాటకు వేరే చోట కొంత ఆధారం ఉంది. ఒండ్రు జలాశయంలోనే దిగిపోతుంది, పొలాలకు రాదు. లోతు నుంచి వదిలిన నీరు చల్లగా, ఆక్సిజన్‌ తక్కువగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నీరు కరెంటు వాడకం ఎక్కువైన గంటల్లో వస్తుంది, ఊడ్పుల అవసరాన్ని బట్టి రాదు.

ప్రశ్న: సాలూరు కొండల్లో కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్డ్‌ స్టోరేజీ అంటున్నారు. నీటిని పైకి ఎక్కించి మళ్లీ దింపితే కరెంటు మిగులుతుందా? (బొబ్బిలి)

జవాబు: మిగలదు, తగ్గుతుంది. 100 యూనిట్లు ఖర్చుపెట్టి ఎక్కిస్తే 75 నుంచి 80 తిరిగి వస్తాయి. మధ్యాహ్నం సోలార్‌ కరెంటు ఎక్కువై ధర పడిపోయినప్పుడు ఎక్కించి, సాయంత్రం గిరాకీ వేళ దింపుతారు. లాభమంతా ఆ తేడాలోనే. 1,000 మెగావాట్లు 6 గంటలు నడవాలంటే, ఎత్తు 300 మీటర్లనుకుంటే, 0.3 టీఎంసీ కన్నా తక్కువ నీరు చాలు. ఒకసారి నింపాక ఏటా కావలసింది ఆవిరి, ఇంకుడు నష్టాలకే. కాబట్టి ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణలో గట్టిగా అడగాల్సినవి: ఎగువ, దిగువ చెరువులకు ఎవరి భూమి, ఏ అడవి పోతుంది, మొదటి నింపుడు నీరు ఏ గెడ్డ నుంచి, ఏ నెలలో తీస్తారు, సొరంగాల మట్టి, రాయి ఎక్కడ పోస్తారు. పోగు సరిగా కట్టకపోతే తొలి వానకే అది పొలాల్లోకి దిగుతుంది.

ప్రశ్న: డ్యామ్‌ లోపలి గ్యాలరీలో (తనిఖీకి నడిచే దారిలో) నీరు కారుతుంటే ప్రమాదమేనా? (ఆమదాలవలస)

జవాబు: కొంత కారడం మామూలు. డ్రైనేజీ బోర్లు ఉన్నదే అందుకు. వి-ఆకారపు గండిలోంచి పారించి, లీటర్లలో కొలిచి, జలాశయ మట్టంతో పక్కపక్కన రాసుకుంటారు. మట్టం పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గే తేట నీటితో భయం లేదు. మట్టం పెరగకుండానే నీరు పెరిగినా, రంగు మారి బురదగా వచ్చినా వెంటనే కబురు చెప్పాలి. నీరు ఉన్నట్టుండి తగ్గితే కూడా సంతోషించకూడదు. సున్నం పేరుకుని బోర్లు మూసుకుపోయాయేమో చూడాలి. అప్పుడు నీటి ఒత్తిడి డ్యామ్‌ అడుగున చేరి పైకి ఎత్తుతుంది. బోర్లను మళ్లీ తొలిపించి, ఒత్తిడి మీటర్లు చూసి, అది దిగిందని నిర్ధారించుకోవాలి.