పొడిపించుకున్న కోడిపిల్లకు ముందు చేయాల్సింది

నాలుగు వారాల పిల్లను పెద్ద కోళ్లు వీపు మీద పొడిచి తోలు లేపేశాయని, మందు రాసి మళ్లీ గుంపులోనే వదిలానని రాశారు. వదలొద్దండీ, ఇప్పుడే వెళ్లి విడిగా తీయండి. ఎర్రగా నెత్తురు కనిపిస్తే చాలు, మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. మీరు టెన్షన్ పడుతున్నది ఇన్ఫెక్షన్ గురించి, కానీ అంతకంటే ముందున్న ప్రమాదం ఇదే.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి గాయాన్ని ధారగా కడగండి. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను (బెటాడిన్ లాంటి గాయాల మందు) పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి అద్దండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోయకండి, కొత్తగా వచ్చే తోలును కూడా అది దెబ్బతీస్తుంది. చుట్టూ ఈకలు విడదీసి ఈగ గుడ్లు, పురుగులు ఉన్నాయేమో రోజుకు రెండుసార్లు చూడండి.

పిల్ల వెచ్చగా ఉండాలి. పెట్టెలో ఒక మూలే వేడి ఉంటే ఎక్కువైనప్పుడు అదే పక్కకు జరుగుతుంది. తిండి కంటే ముందు నీళ్లు తాగుతోందా చూడండి.

రెండు మూడు రోజులకు గాయం చుట్టూ ఆకుపచ్చగా మారితే కుళ్లిందనుకోకండి. పక్షుల్లో కమిలిన చోటు అలాగే ఆకుపచ్చగా మారుతుంది, మొదటిసారి చూసి నేనూ హడలిపోయాను. వాసన, చీము, వాపు ఉంటే మాత్రం పశువైద్యుడికి చూపించాల్సిందే.

పెట్టెను పగలు మిగతా కోళ్లకు కనబడేలా జాలీ వెనక పెట్టండి. పూర్తిగా దూరం చేస్తే తిరిగి కలిపేటప్పుడు కొత్తదానిలా చూసి మళ్లీ పొడుస్తాయి.